నల్గొండ ఫ్లోరైడ్ మీద ఒక అనోటేటెడ్ బిబ్లియోగ్రఫీ: మొదటి డ్రాఫ్ట్ నుంచి ఆఖరి డ్రాఫ్ట్ దాకా

కేసు ఇది. ఎం.ఏ. జాగ్రఫీ రెండో ఏడాది విద్యార్థిని. డిసర్టేషన్ మొదలుపెట్టే ముందు డిపార్ట్‌మెంట్ ఇచ్చిన అసైన్‌మెంట్: ఎంచుకున్న అంశం మీద కనీసం 15 ఆధారాలతో అనోటేటెడ్ బిబ్లియోగ్రఫీ, ఏపీఏ పద్ధతిలో (ఆధారాల వివరాలు రాసే ఒక శైలి), ఒక్కో ఆధారం కింద 150 పదాలకు మించకుండా వ్యాఖ్య. ఆమె పెట్టుకున్న అంశం ‘నల్గొండ జిల్లాలో ఫ్లోరైడ్ సమస్య’. సొంత ఊరు మునుగోడు వైపు. చిన్నప్పటి నుంచి కళ్లతో చూసిన సంగతి కాబట్టి అంశం విషయంలో ఎవరికీ పేచీ లేదు. మొదటి డ్రాఫ్ట్‌లో నలభైకి పైగా ఎంట్రీలు పెట్టింది. గైడ్ పైన ‘రివైజ్’ అని ఒక్క మాట రాసి తిప్పి పంపారు. ఏం రివైజ్ చేయాలో తెలియక టెన్షన్ పడి లైబ్రరీ రిఫరెన్స్ డెస్క్‌కు వచ్చింది. ఆ డెస్క్‌లో కూర్చునేది నేనే.

ఆమె అనుమతి తీసుకుని, గుర్తుపట్టే వివరాలు తీసేసి రాస్తున్నాను. డ్రాఫ్ట్ ఇంగ్లిష్‌లో ఉంది. వ్యాఖ్యలను ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను.

మొదటి డ్రాఫ్ట్‌లో ఏముంది

ఒక ఎంట్రీ కింది వ్యాఖ్య తీసి ఇంకో ఎంట్రీ కింద పెట్టినా ఎవరికీ అనుమానం రాదు. అలా ఉంది డ్రాఫ్ట్. 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సిద్దిఖీ అనే వైద్యుడి వ్యాసం ఒకటి వచ్చింది. హైదరాబాద్-దక్కన్‌లోని నల్గొండ జిల్లాలో ఫ్లోరోసిస్ గురించి, అంటే ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు గురించి. ఈ అంశం మీద పనిచేసే ఎవరైనా చూడక తప్పని వ్యాసం. దాని కింద ఆమె రాసింది ఇదీ:

‘ఈ వ్యాసం నల్గొండ జిల్లాలో ఫ్లోరోసిస్ వ్యాధి గురించి వివరంగా చర్చిస్తుంది. వ్యాధి లక్షణాలను రచయిత చక్కగా వివరించారు. నా పరిశోధనకు ఇది ఎంతో ఉపయోగపడుతుంది.’

ఈ మూడు వాక్యాలు రాయడానికి వ్యాసం తెరవక్కర్లేదు. పేరు చదివితే చాలు.

భూగర్భ జలాల వ్యాసాల దగ్గర ఇంకో రకం తంటా. అక్కడ అబ్‌స్ట్రాక్ట్‌లోంచి, అంటే వ్యాసం మొదట్లో ఉండే సారాంశంలోంచి, నాలుగు వాక్యాలు ఎత్తి అక్కడో మాట ఇక్కడో మాట మార్చింది. ఒకచోట ‘మేము బోరు బావుల నుంచి నమూనాలు సేకరించాం’ అని అలాగే ఉండిపోయింది. ‘ఆ మేము ఎవరమ్మా?’ అని అడిగితే నవ్వేసింది. ‘బిబ్లియోగ్రఫీని ప్లేజియరిజం చెక్‌లో చూడరు కదా సార్’ అంది. సగం నిజమే. యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం రిఫరెన్సులు, బిబ్లియోగ్రఫీ పోలిక లెక్కలోకి రావు. కానీ ఆ మినహాయింపు పెట్టింది వివరాల పట్టిక కోసం. కింద రాసే వ్యాఖ్య ఆమె సొంత రాత. పైగా రేపు డిసర్టేషన్‌లో సమీక్షా అధ్యాయం రాసేటప్పుడు ఈ వాక్యాలే అందులోకి దిగుతాయి. అప్పుడు మినహాయింపు ఉండదు. పోలిక పది శాతం దాటితే ఆ నిబంధనల్లోనే చర్యలున్నాయి.

అనోటేషన్, అంటే ఆధారం కింద రాసే వ్యాఖ్య, చేయాల్సిన పనులు మూడు. ఈ రాత ఏం చెబుతోంది, ఏ ఆధారంతో చెబుతోంది అనేది ఒకటి. ఆ మాటను ఎంతవరకు నమ్మొచ్చు అనేది రెండు. నా ప్రశ్నకు ఇది ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు అనేది మూడు. మొదటిది అందరూ ఏదో ఒకలా చేస్తారు. రెండోది కొందరు చేస్తారు. మూడోది దాదాపు ఎవరూ చేయరు, ఎందుకంటే అది చేయాలంటే ముందు ప్రశ్న ఉండాలి. ఈ కేసులో లేనిది అదే.

అంశం ఉంది, ప్రశ్న లేదు

‘నల్గొండలో ఫ్లోరైడ్ సమస్య’ అన్న మాట కింద కనీసం నాలుగు వేర్వేరు శాస్త్రాలు ఉన్నాయి. ఆ నేలలోని గ్రానైట్ రాళ్లలో ఉండే ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ లాంటి ఖనిజాల నుంచి నీళ్లలోకి ఫ్లోరైడ్ ఎలా దిగుతుంది, కాల్షియం తక్కువగా బైకార్బనేట్ ఎక్కువగా ఉన్న నీళ్లలో ఎందుకు పెరుగుతుంది అన్నది భూరసాయన శాస్త్రం. పళ్లకు, ఎముకలకు ఏమవుతుందన్నది వైద్యం. నీళ్లలోంచి తీసేయడం ఎలా అన్నది ఇంజినీరింగ్. ఎవరు ఎక్కడి నుంచి నీళ్లు తెచ్చి ఎవరికి ఇచ్చారన్నది పాలన. ఆమె నలభై ఎంట్రీలు ఈ నాలుగింట్లోనూ తలా కొంచెం పంచుకుని ఉన్నాయి. ఏ ఒక్కదాన్నీ ముట్టుకుని చివరిదాకా వెళ్లలేదు.

డ్రాఫ్ట్ పక్కన పెట్టి మాట్లాడుకున్నాం. మాటల్లో ఒక సంగతి చెప్పింది: వాళ్ల ఊళ్లో ఒకప్పుడు ఫ్లోరైడ్ తీసే ప్లాంటు పెట్టారు, కొన్నాళ్లు నడిచింది, తరవాత తాళం పడింది, ఇప్పుడు నల్లాలో నది నీళ్లు వస్తున్నాయి. ‘ఆ ప్లాంటు ఎందుకు ఆగింది?’ అంటే, ‘మందు కలిపే మనిషి మానేశాడంటారు సార్, కరెంటు బిల్లంటారు, నీళ్లు రుచి లేవంటారు. ఎవరికి తోచింది వాళ్లు చెప్తారు’ అంది.

ప్రశ్న అక్కడే దొరికింది. ఊరి స్థాయిలో ఫ్లోరైడ్ తొలగింపు ప్లాంట్లు ఎందుకు నిలవలేదు, అక్కడి నుంచి నది నీళ్ల పైపులైనుకు ఎలా మారాం? ఇలా రాసుకున్న వెంటనే నలభైలో సగానికి పైగా ఎంట్రీలు వాటంతట అవే రాలిపోయాయి. ఏ మండలంలో ఎంత ఫ్లోరైడ్ అని కొలిచిన వ్యాసాలు పన్నెండో పదమూడో ఉన్నాయి. ఈ ప్రశ్నకు వాటిలో మంచివి రెండు చాలు.

వెతకడంలో పేర్ల చిక్కు

ఆమె గూగుల్ స్కాలర్‌లో ‘తెలంగాణ’, ‘నల్గొండ’, ‘ఫ్లోరైడ్’ అని కొట్టింది. 2014 జూన్ 2కు ముందు వచ్చిన వ్యాసంలో తెలంగాణ అని రాష్ట్రం పేరు ఉండదు, ఆంధ్రప్రదేశ్ అని ఉంటుంది. 1956కు ముందైతే హైదరాబాద్ రాష్ట్రం. సిద్దిఖీ వ్యాసం పేరులోనే ‘హైదరాబాద్-దక్కన్’ అని ఉంది. 2016 అక్టోబరు 11న జిల్లాల విభజన జరిగాక పాత నల్గొండ మూడు ముక్కలయింది: నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. అంటే 2010 నాటి ‘నల్గొండ జిల్లా’ అంకె, 2020 నాటి ‘నల్గొండ జిల్లా’ అంకె ఒకే నేలకు చెందినవి కావు. మొదటి డ్రాఫ్ట్‌లో ఈ రెండు రకాల అంకెల్నీ పక్కపక్కన పెట్టి ‘తగ్గింది’ అని రాసింది. తగ్గింది ఫ్లోరైడో, జిల్లా విస్తీర్ణమో చెప్పలేం. ఇలాంటి మెలిక ఉన్న ప్రతి ఎంట్రీ కిందా ‘పాత జిల్లా సరిహద్దులు’ అని రెండు మాటలు చేర్చమన్నాను.

ఇదే మెలిక 1937 దగ్గర ఇంకా గట్టిగా బయటపడింది. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి రాసే వ్యాసాల్లో సగం ఒకే వాక్యంతో మొదలవుతాయి: ‘భారతదేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట 1937లో ప్రకాశం జిల్లాలో గుర్తించారు.’ ఆమె ఎంట్రీలు మూడింటిలో ఆ వాక్యం ఉంది. ఆమె వ్యాఖ్యల్లోకీ దిగింది. 1937లో ప్రకాశం జిల్లా ఎక్కడిది? గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి కొంత కొంత తీసి 1970లో ఆ జిల్లాను ఏర్పాటు చేశారు. 1937లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో షార్ట్, పండిట్, రాఘవాచారి రాసిన వ్యాసం పేరులోనే నెల్లూరు జిల్లా అని ఉంది. అప్పటికి అది మద్రాసు ప్రెసిడెన్సీ.

‘ఇప్పుడు ప్రకాశం అంటున్న ప్రాంతం అని అర్థం చేసుకోవచ్చు కదా సార్, తప్పేముంది?’ అని వాదించింది. న్యాయమైన వాదనే. కానీ ఆ వాక్యం రాసినవాళ్లలో చాలామంది అసలు వ్యాసం తెరవలేదనడానికి అదొక ఆనవాలు. ఒకరు రాశారు, రెండోవారు మొదటివారిని చూసి రాశారు, మూడోవారు రెండోవారిని చూశారు. అనోటేటెడ్ బిబ్లియోగ్రఫీలో ఇలాంటి ఆనవాలు దొరికితే బంగారం. ఏ ఆధారం మూలం దాకా వెళ్లింది, ఏది చేతులు మారి వచ్చింది అన్నది అక్కడ తెలిసిపోతుంది. పైగా మూలం దొరకడం కష్టమేమీ కాదు. ఇండియన్ మెడికల్ గెజెట్ పాత సంచికలు, బ్రిటిష్ మెడికల్ జర్నల్ పాత సంచికలు పబ్‌మెడ్ సెంట్రల్ అనే ఆన్‌లైన్ వైద్య వ్యాసాల భండారంలో స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు. డబ్బు కట్టాలేమో అనుకుని ఆమె ఆ వైపే వెళ్లలేదు. ఇద్దరం కలిసి డెస్క్ మీదే రెండు పీడీఎఫ్‌లూ దింపాం.

పనికిరాదని తీసేసిన ఎంట్రీ

ఈ కేసులో నాకు బాగా నచ్చిన మలుపు ఇది.

నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) 1970ల్లో రూపొందించిన ఫ్లోరైడ్ తొలగింపు పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అని పేరు. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలిపి, బాగా తిప్పి, మడ్డి అడుక్కు దిగాక పై నీళ్లు వడకట్టడం. వినడానికి సులువు. చేయడంలో ఒక ముడి ఉంది: పటిక ఎంత వేయాలన్నది నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఉంది, క్షారత ఎంత ఉంది అనే రెండింటి మీదా ఆధారపడుతుంది. రెండూ పెరిగేకొద్దీ పటికా పెరుగుతుంది. ఒక బోరుకు సరిపోయిన మోతాదు పక్క బోరుకు సరిపోదు. తక్కువ వేస్తే ఫ్లోరైడ్ పోదు. లెక్క తప్పితే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది. రోజూ దిగే మడ్డిని ఎక్కడ పారబోయాలన్నది ఇంకో సమస్య.

‘నల్గొండ టెక్నిక్’ అని వెతికితే కుప్పలుగా టాంజానియా, ఇథియోపియా వ్యాసాలు వస్తాయి. తూర్పు ఆఫ్రికా రిఫ్ట్ లోయ నీళ్లలోనూ ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టి ఈ పద్ధతిని అక్కడికి తీసుకెళ్లి పరీక్షించారు. మన జిల్లా పేరు అక్కడి బకెట్ల మీద తిరుగుతోందన్నమాట. ఆమె వాటిని ‘నా ప్రాంతం కాదు’ అని మొదటే తీసేసింది. తీసేసినవి విడిగా ఒక ఫోల్డర్‌లో ఉంచింది కాబట్టి సరిపోయింది. నేను తిరిగి తెరవమన్నది వాటిలో ఒకదాన్ని: 1996లో న్యూఢిల్లీలో జరిగిన డబ్ల్యూఈడీసీ (నీరు, ఇంజినీరింగ్, అభివృద్ధి కేంద్రం) సదస్సులో సమర్పించిన టాంజానియా పత్రం. ఇంట్లోనే రెండు బకెట్లతో నల్గొండ పద్ధతి ఎలా చేసుకోవచ్చో అందులో ఉంది. ఒక బకెట్‌లో పటిక, సున్నం వేసి తిప్పడం, మడ్డి దిగాక పై నీళ్లను గుడ్డ గుండా రెండో బకెట్‌లోకి వదలడం.

ఆమె ప్రశ్న ‘ప్లాంట్లు ఎందుకు నిలవలేదు’ అని. ఆ ప్రశ్నకు నల్గొండ నేలలోని బయోటైట్ గురించిన వ్యాసం కన్నా ఈ బకెట్ల వ్యాసం దగ్గరిది. రోజూ మందు కొలిచి, తిప్పి, మడ్డి పారబోసే పని ఎవరి నెత్తిన పడుతుందో అది చూపిస్తుంది. ఊరి ప్లాంటులో ఆ పని జీతగాడిది, ఇక్కడ ఇంటి ఆడవాళ్లది. ఆఖరి డ్రాఫ్ట్‌లో ఆమె రాసిన వ్యాఖ్య:

‘నల్గొండ టెక్నిక్‌ను ఊరి ప్లాంటు నుంచి ఇంటి బకెట్ల స్థాయికి దించి టాంజానియాలో పరీక్షించిన నివేదిక. రాసినవారు ఆ బకెట్ల పద్ధతిని తయారుచేసినవారే, కాబట్టి పనితీరు అంకెల్ని స్వతంత్ర పరీక్షగా తీసుకోను. మందు మోతాదు, రోజువారీ శ్రమ గురించిన వివరణ నాకు ముఖ్యం. నల్గొండ ప్లాంట్ల నిర్వహణ గురించి నాకు దొరికిన పత్రాల్లో ఈ వివరం లేదు. ప్రాంతం వేరు, నీటి క్షారత వేరు, కాబట్టి అంకెలు ఇక్కడికి వర్తించవు. వాడేది నిర్వహణ భారం గురించిన వాదనకు మాత్రమే.’

చదవకుండా ఇది రాయడం ఎవరి తరమూ కాదు. ‘వాడేది మాత్రమే’ అని గిరి గీసుకోవడం నాకు ఇంకా నచ్చింది. సిద్దిఖీ ఎంట్రీ కూడా అలాగే మారింది: ‘రోగుల్ని పరీక్షించిన వైద్యుడు రాసిన వర్ణన. జిల్లాలో ఎంతమందికి ఉంది అన్న ప్రశ్నకు జవాబు ఇందులో వెతకకూడదు. ప్లాంట్లు రావడానికి చాలా ముందే సమస్య అంతర్జాతీయ వైద్య పత్రికకు ఎక్కిందని చూపడానికి వాడతాను.’ మూడు వాక్యాలే, అప్పుడూ ఇప్పుడూ.

నమ్మకం తూకం

ఆధారాన్ని తూచడమంటే పిల్లలకు తెలిసింది ‘పీర్ రివ్యూ అయిందా లేదా’, అంటే అచ్చుకు ముందు అదే రంగం నిపుణులు పరిశీలించారా లేదా అనే ఒక్క గీటురాయి. ఈ కేసులో అది ఎక్కడా సరిపోలేదు.

1973లో లాన్సెట్‌లో జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఫ్లోరైడ్ ప్రాంతాల్లోని కుర్రవాళ్లలో మోకాళ్లు లోపలికి వంగిపోయే జబ్బు గురించి రాశారు. పరిశీలన గట్టిది. ఆ తరవాతి రాతల్లో దాన్ని నాగార్జునసాగర్ ఆయకట్టులో నీటిమట్టం పెరగడంతో, జొన్నల్లోకి చేరే సూక్ష్మ మూలకాలతో ముడిపెట్టే వాదన వచ్చింది. మొదటి డ్రాఫ్ట్‌లో ‘డ్యామ్ వల్ల ఈ వ్యాధి వచ్చిందని నిరూపించారు’ అని రాసింది. పరిశీలన ఒక వ్యాసానిది, ఊహ ఇంకొక చర్చది. రెండింటినీ ఒకే ఎంట్రీ కింద కలిపేస్తే చదివేవాడికి ఏది ఏదో తెలియదు. విడదీసి రెండు ఎంట్రీలు చేశాం. రెండోదాంట్లో ‘నిరూపించారు’ పోయి ‘సూచించారు’ వచ్చింది.

‘ఫ్లోరైడ్’ అనే పేరుతోనే ఒక పత్రిక ఉంది. నల్గొండ మీద అందులోనూ వ్యాసాలున్నాయి. పళ్లు పుచ్చకుండా కొన్ని దేశాల్లో తాగే నీళ్లలో ఫ్లోరైడ్ కలిపే విధానాన్ని వ్యతిరేకించేవైపు దానికి మొగ్గు ఉందని విమర్శ ఉంది. అంతమాత్రాన నల్గొండ కొలతలు తప్పని కాదు. ఆ సంగతి ఒక వాక్యంలో రాసి, అంకెల్ని ఇంకో ఆధారంతో సరిచూసినట్టు చెప్పమన్నాను.

ప్రభుత్వ పత్రాల్ని ఆమె కళ్లు మూసుకుని నమ్మింది. మిషన్ భగీరథను 2016 ఆగస్టు 7న గజ్వేల్ నియోజకవర్గంలోని కోమటిబండలో ప్రధాని ప్రారంభించారు. ఆ పథకం లెక్కల్లో కొలమానం ‘ఆవాసం’. ఆవాసానికి నీళ్లు చేరాయి అనడం వేరు, ఆ ఇంట్లో తాగేది ఆ నీళ్లే అనడం వేరు. ఆమె ఊళ్లోనే నల్లా నీళ్లు వాడకానికి, క్యాన్ నీళ్లు తాగడానికి తెచ్చుకునే ఇళ్లున్నాయి. ఈ తేడా వ్యాఖ్యలోకి వచ్చాక ఆ పత్రం విలువ తగ్గలేదు. దేనికి సాక్ష్యమో స్పష్టమైంది.

ఇంకో చిన్న విషయం. ఒక వ్యాసం పరిమితి లీటరుకు 1.0 మిల్లీగ్రాము అంటుంది, ఇంకొకటి 1.5 అంటుంది. రెండూ సరైనవే. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ 1.5. మన భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఆమోదయోగ్యం 1.0, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 దాకా అనుమతి. ‘ఇన్ని శాతం బోర్లు పరిమితి దాటాయి’ అని రాసే ముందు ఆ వ్యాసం ఏ గీత పట్టుకుందో చూడాలి. లేకపోతే 1.2 ఉన్న బోరు ఒక ఎంట్రీలో మంచిదవుతుంది, ఇంకో ఎంట్రీలో చెడ్డదవుతుంది.

చేతిపని

ఫార్మాట్ మీద ఎక్కువ చెప్పను. ఆధారాల వివరాలు దాచి పేర్చిపెట్టే జొటేరో సాఫ్ట్‌వేర్ ఉచితం, ఏపీఏ ఏడో కూర్పు శైలి అందులో ఉంది, ఎంట్రీలు అక్షర క్రమంలో వాటంతట అవే పేరుస్తుంది. కానీ అది తెచ్చిన వివరాల్ని నమ్మకూడదు. పాత వ్యాసాలకు సంపుటి అంకె తప్పు పడటం, రచయితల ఇంటిపేరు ఇనిషియల్స్ తారుమారవడం మామూలే. తెలుగువాళ్ల పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది కాబట్టి ఈ బాధ మనకు కాస్త ఎక్కువ. పీడీఎఫ్ మొదటి పేజీతో ప్రతి ఎంట్రీనీ సరిచూడాల్సిందే. మన విశ్వవిద్యాలయాల థీసిస్‌లు పెట్టే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో దొరికేవాటికి విశ్వవిద్యాలయం పేరు, సంవత్సరం చేత్తో ఎక్కించుకోవాలి.

మొదటి డ్రాఫ్ట్‌లో రెండు ఎంట్రీలు ఎక్కడ వెతికినా దొరకలేదు. పత్రిక నిజం, రచయితల పేర్లు నమ్మేలా ఉన్నాయి, వ్యాసం మాత్రం లేదు. డీఓఐ (వ్యాసానికి ఆన్‌లైన్‌లో ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) కొడితే ఒకటి అసలు తెరుచుకోలేదు, ఇంకొకటి సంబంధం లేని వ్యాసానికి వెళ్లింది. ఏఐ చాట్‌బాట్‌ను అడిగి తెచ్చుకున్నానని ఒప్పుకుంది. తీసేశాం. అప్పటి నుంచి మా డెస్క్‌లో అనోటేటెడ్ బిబ్లియోగ్రఫీకి సాయం అడిగేవాళ్లకు ముందుగా చెప్పేది ఒకటే: ప్రతి ఎంట్రీకీ పీడీఎఫ్ ఫోల్డర్‌లో ఉండాలి, లేకపోతే లైబ్రరీలో పుస్తకం కాల్ నంబరు ఉండాలి. రెండూ లేని ఎంట్రీ మీద మేం కూర్చోం.

ఇంకో అలవాటు ఆమే పెట్టుకుంది. అక్షర క్రమం డిపార్ట్‌మెంట్ నియమం, మార్చడానికి లేదు. కానీ ప్రతి వ్యాఖ్య చివరా చిన్న గుర్తు పెట్టుకుంది: మూలం, సాంకేతికత, నిర్వహణ, విధానం. జొటేరోలో అవే ట్యాగులు. సమీక్షా అధ్యాయం రాసేటప్పుడు ‘నిర్వహణ’ ట్యాగు నొక్కితే నాలుగే ఎంట్రీలు వచ్చాయి, అందులో రెండు ఆఫ్రికావి. నల్గొండ ప్లాంట్లను ఎవరు నడిపారు, జీతం ఎవరిచ్చారు, ఎప్పుడు ఆపారు అన్నది వివరంగా రాసిన ఆధారం ఒక్కటీ ఆమెకు దొరకలేదు. ఖాళీ ఎక్కడుందో పట్టిక చూపించింది. గైడ్ కూడా డిసర్టేషన్ అక్కడి నుంచే మొదలుపెట్టమన్నారు.

ఆఖరి డ్రాఫ్ట్‌లో 17 ఎంట్రీలు మిగిలాయి. గైడ్ ఒప్పుకున్నారు. ఒక్క సిద్దిఖీ వ్యాసం పక్కన మాత్రం ‘పేజీ నంబర్లు చూడు’ అని రాశారు.